డ్రాగన్ ట్రెయిన్ వెనకాల నాలుగు ఊళ్లు

పిఠాపురం ఎందుకెళ్లావని అడిగితే ఎవరైనా కుక్కుటేశ్వరస్వామి దర్శనానికనో, పెళ్లికనో చెప్తారు. నేను రోలర్ కోస్టర్ ఎక్కడానికి వెళ్లాను. నాకు నలభై ఏడేళ్లు, మేడ మెట్లు దిగేటప్పుడు కూడా గోడ పట్టుకుంటాను. అయినా వెళ్లాల్సి వచ్చింది. దానికి కారణం మా ఆరో తరగతి.

రొయ్యల పెట్టెలో రష్యా

భీమవరం పక్కన ఒక ఊళ్లో సోషల్ టీచర్ని. ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో చక్రం గురించి పాఠం చెప్తుంటే జ్యోత్స్న అనే అమ్మాయి లేచి, "మేడం, రోలర్ కోస్టర్ ఎవరు కనిపెట్టారండి?" అని అడిగింది. రేపు చెప్తానన్నాను. ఆ రాత్రి చదవడం మొదలుపెడితే వదల్లేకపోయాను.

మర్నాడు క్లాసులో మొదలుపెట్టాను. రష్యాలో చలికాలం వస్తే జనం ఎత్తుగా చెక్కలతో కట్టడం కట్టి, వాలు మీద నీళ్లు పోసి గడ్డ కట్టించేవారు. వెనక మెట్లెక్కి వెళ్లి, ముందు నుంచి జర్రున జారేవారు. కూర్చోడానికి ఒక్కోసారి ఐసుగడ్డే పీట. దాని మీద కాస్త గడ్డి పరుచుకునేవారు.

"ఐసంటే రొయ్యల పెట్టెల్లో వేసేదేనా మేడం?"

"అదే."

"మరి వాసన రాదా అండీ?"

మా పిల్లలకి ఐసంటే రొయ్యే. క్లాసులో సగంమందికి చెరువులున్నాయి, మిగతా సగంమంది నాన్నలు ఐసు ఫ్యాక్టరీల్లోనో, రొయ్యల షెడ్లలోనో పనిచేస్తారు. రష్యా మహారాణులు కూడా ఈ జారుడు ఇష్టపడ్డారని చెబితే, పట్టు పరికిణీలకి నీచువాసన పట్టి ఉంటుందని ఒక అమ్మాయి జాలిపడింది.

ఆ నవ్వులన్నీ అయ్యాక జ్యోత్స్న మళ్లీ లేచింది. "ఎక్కితే కడుపులో ఎలా ఉంటుంది మేడం? మీరు ఎక్కారా?"

లేదంటే సరిపోయేది. కానీ నలభై మంది నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. "ఈ సెలవుల్లో ఎక్కొచ్చి చెప్తాను" అనేశాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు అప్పుడే కళ్లు తిరిగాయి.

రాజమండ్రిలో ఎగ్జిబిషన్ పెట్టారని, అందులో అలాంటిది ఉందని మా ఆయన కనుక్కొచ్చారు. "మీరూ రాకూడదూ?" అంటే, "చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది, నేనెక్కడ వస్తాను? మా అక్క ఉందిగా అక్కడ" అన్నారు. ఆ మాట విన్నాక ఎగ్జిబిషన్ భయం కాస్త చిన్నదైపోయింది.

రాజమండ్రి: గోతులు మిగిలిన మైదానం

మా వదినగారి పేరు ఎస్తేరమ్మ. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇంటికెళ్లిన చుట్టానికి మంచినీళ్ల కంటే ముందు బీపీ చూస్తారు. నాకూ చూశారు.

"కాస్త ఎక్కువే ఉంది. ఏంటి విషయం?"

చెప్పాను. ఆవిడ పట్టీ ఊడదీస్తూ, "పిల్లల్ని కన్నదానివి, చర్చిలో సండే స్కూలు చెప్పేదానివి, బండెక్కి కేకలు పెట్టడానికి బస్సెక్కి వచ్చావా శాంతీ?" అన్నారు.

"చరిత్ర కోసం వదినా."

"చరిత్ర పుస్తకంలో ఉంటుంది. పడితే ఎముకలు అతికించాల్సింది మేము." అంటూనే చెప్పుల కోసం చూశారు. "పద, నేనూ వస్తాను. నిన్ను ఒక్కదాన్నీ పంపితే తమ్ముడికి ఏం సమాధానం చెప్పను?"

ఆవిడ సంచిలో గ్లూకోజ్ పొడి, దూది, పిన్నీసులు, టార్చి లైటు, ఒక జత ఉతికిన దుప్పట్లు ఉన్నాయి. దుప్పట్లెందుకంటే, "ఎక్కడ పడుకోవాల్సొస్తుందో" అన్నారు. ఆస్పత్రిలో అనే ఉద్దేశమని నాకర్థమైంది.

సాయంత్రం మైదానానికి వెళ్తే అక్కడ ఎగ్జిబిషన్ లేదు. స్తంభాలు పీకిన గోతులు, నలిగిన టికెట్లు, ఒక చెప్పు. ఓ మూల పిడత కింద పప్పు అమ్మే పెద్దాయన మాత్రం బండి తీయలేదు. చిన్న కుండలో నిప్పులు, దాని కింద మరమరాలు, పల్లీలు. అందులో ఉల్లిపాయ, మామిడికాయ ముక్కలు కలిపి నిమ్మకాయ పిండి పొట్లం కట్టిచ్చాడు. మా భీమవరంలో ఇదే తింటాం గానీ ఇంత మామిడికాయ పడదు.

"నిన్ననే ఎత్తేశారండి. సామర్లకోట అన్నారు."

"రోలర్ కోస్టర్ కూడానా అండీ?"

"అదేంటో నాకు తెలీదు గానండి, జెయింట్ వీలూ, కొలంబస్సూ, అన్నీ లారీలెక్కాయి. ఆయ్."

కొలంబస్సంటే ఉయ్యాలలా ఊగే పెద్ద పడవ. వదినగారు రెండో పొట్లం కట్టించుకుంటూ, "సరే, దేవుడే ఆపాడు, ఇంటికెళ్దాం" అన్నారు. నేను ఊరుకోకుండా బండి పక్కనున్న బెంచీ మీదే పాఠం ఎత్తుకున్నాను. రష్యా జారుడు చూసొచ్చిన ఫ్రాన్సువాళ్లు తమ ఊళ్లోనూ కట్టబోయారు. అక్కడ అంత చలి లేదు, ఐసు నిలవదు. అందుకని బండికి చక్రాలు పెట్టి, అవి పక్కకి పోకుండా పట్టాలో గాడి చేశారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'రష్యా కొండలు'. తర్వాత అమెరికావాళ్లు పెద్దవి కట్టారు. ఇప్పుడు రష్యావాళ్లు వాటిని 'అమెరికా కొండలు' అంటారు.

వదినగారు పల్లీ నములుతూ ఆలోచించారు. "అంటే, ఇది మాదీ అని ఒక్కళ్లూ ఒప్పుకోలేదన్నమాట. ఎంతమంది పడుంటారో!"

పిడత కింద పప్పు ఆయన అంతా విని, "రేపు పొద్దున్న పాసింజరుకి వెళ్తే సామర్లకోటలో దొరుకుతాయండి" అన్నాడు. వదినగారు ఆయన వైపు కోపంగా చూశారు గానీ, పొద్దున్నే నాకంటే ముందు లేచి తయారైంది ఆవిడే.

సామర్లకోట: రోలర్ దొరికింది

స్టేషన్ బయట పెసరట్టు ఉప్మా తిన్నాం. అల్లప్పచ్చడి ఘాటుకి వదినగారికి కళ్లనీళ్లొచ్చాయి. నాకు ప్రయాణం మొత్తంలో ధైర్యం అనిపించింది ఆ అరగంటే.

ఆటో ఆయన్ని పిలిచి, "రోలర్ కోస్టర్ వచ్చిందటండి, ఎక్కడో తెలుసా?" అన్నాను.

"రోలరా? ఎందుకు తెలీదండి, నిన్ననే వచ్చింది. కూర్చోండి."

ఎంత సులువుగా దొరికిందో అనుకున్నాం. ఊరు దాటాం. పంచదార ఫ్యాక్టరీ దాటాం. దారిలో ఆటో ఆయనకి అమెరికా కథ చెప్పాను. కొండ మీద బొగ్గు గని. బొగ్గు నింపిన పెట్టెలు పట్టాల మీద వాటంతటవే కిందికి దొర్లి వచ్చేవి. ఖాళీ పెట్టెల్ని మళ్లీ పైకి లాగడానికి కంచరగాడిదలు. వాటిని కూడా ఒక పెట్టెలో ఎక్కించి బొగ్గుతో పాటే కిందికి పంపేవారు. కొన్నాళ్లకి ఆ గాడిదలు బండెక్కించకపోతే ఒక్క అడుగు కూడా కిందికి నడవకుండా మొరాయించాయట. వాటి సుఖం చూసి మనుషులు కూడా డబ్బులిచ్చి ఎక్కడం మొదలుపెట్టారు.

ఆటో ఆయన బ్రేకు వేసినంత పని చేశాడు. "మా బావమరిది కూడా అంతేనండీ! ఒకసారి ఆటోలో దింపాను. ఇప్పుడు వీధి చివర కొట్టుకి కూడా నడవడు."

చివరికి ఆటో ఒక రోడ్డు పక్కన ఆగింది. తారు వాసన, కంకర కుప్ప. ఆ పక్కన పచ్చరంగు రోడ్డు రోలరు.

మేం ఇద్దరం దాన్ని చూశాం. అది కదలకుండా నిలబడి ఉంది. దాని డ్రైవరు తువ్వాలు దులుపుకుంటూ దిగి, ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చామనుకుని నమస్కారం పెట్టాడు.

"ఇదేనాండీ?" అన్నాడు ఆటో ఆయన గర్వంగా.

నాకు మాట రాలేదు. వదినగారికి వచ్చింది. "శాంతీ, ఇది చాలా బావుంది. ఎత్తు లేదు, వేగం లేదు. ఇదెక్కి రా, నేను ఫొటో తీస్తాను."

డ్రైవరుకి విషయం చెప్తే నవ్వలేదు సరికదా, పాపం బాధపడ్డాడు. అంత దూరం నుంచి వచ్చారని కొబ్బరిబోండాలు కొట్టించి డబ్బు తీసుకోనన్నాడు. ఒకసారి ఎక్కమని బతిమాలాడు కూడా. మొహమాటానికి ఎక్కాను. అది కదిలితే నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. వదినగారు పక్కన నడుస్తూ నాకంటే ముందు వెళ్లిపోయారు.

"మీరు అడిగేది డ్రాగన్ ట్రెయినండీ" అన్నాడు డ్రైవరు నన్ను దింపుతూ. "పొద్దున్న లారీల్లో డ్రాగన్ తలకాయ పిఠాపురం వైపు వెళ్లింది. దారివ్వమని నా రోలరునే పక్కకి పెట్టించారు."

ఆ తర్వాత ఎవర్నడిగినా మేం రోలర్ కోస్టర్ అనలేదు. డ్రాగన్ ట్రెయిన్ అంటే అందరికీ తెలుసు.

పిఠాపురం: బస్తాల ప్రయాణం

నిజంగానే దొరికింది. తలకాయ మైదానం మధ్యలో నేల మీద ఉంది. పచ్చటి మొహం, ఎర్రటి నాలుక, ఒక కోర విరిగింది. చుట్టూ పట్టాలు బోల్టులతో బిగిస్తున్నారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒకావిడ అందరి మీదా కేకలేస్తున్నారు. పేరు నాగమణిగారు. డ్రాగన్ ఆవిడదే.

"రేపు సాయంత్రం కానీ ఎవర్నీ ఎక్కించనండి. ముందు బస్తాలు తిరగాలి."

ప్రతి ఊళ్లోనూ బిగించాక, మనిషి బరువుకి సరిపడా ఇసుక బస్తాలు సీట్లలో పెట్టి చాలాసార్లు తిప్పుతారట. మేం చూస్తుండగానే ఒక విడత తిప్పారు. బస్తాలు పక్కపక్కన బుద్ధిగా కూర్చుని, గుట్టెక్కి, దిగి, వంపు తిరిగి వచ్చాయి. ఒక్కటి కూడా అరవలేదు.

"మనుషుల కంటే ఇవే నయమండి. లేచి నిలబడవు, సెల్ఫీలు తీసుకోవు" అన్నారు నాగమణిగారు.

నిజం చెప్పొద్దూ, చూశాక నాకు కాస్త ఉసూరుమనిపించింది. నేను చదివినవి మబ్బుల్లోకి లేచేవి. ఇది కొబ్బరిచెట్టులో సగం కూడా లేదు. కానీ దగ్గరికెళ్లి, ఆ గుట్ట కింద నిలబడి తలెత్తి చూస్తే మాత్రం సగం కొబ్బరిచెట్టు కూడా ఎత్తేనని తెలిసింది.

వదినగారు పట్టా చుట్టూ నడిచి, వార్డులో తిరిగినట్టు ఒక్కో బోల్టూ చూశారు. "ఇది వదులుగా ఉందేమో చూడమ్మా." నాగమణిగారు మనిషిని పిలిచి చూపించారు. వదులేం కాదు. అయినా ఆవిడ కోసం మళ్లీ బిగించారు. బండి పట్టా మీద నుంచి ఎగిరిపోకుండా పట్టా కింద కూడా చక్రాలుంటాయని, అవే పట్టుకుని ఉంచుతాయని నేను చదివిందే నాగమణిగారు వంగి చూపించారు. వదినగారు కూడా వంగి చూసి, మోకాలు పట్టుకుని లేస్తూ, "సరే" అన్నారు. ఆ 'సరే' నాకోసం అనుకున్నాను.

ఆ రాత్రి లాడ్జిలో మంచానికి ఉన్న దుప్పటి తీసి మడిచి, సంచిలోవి పరిచారు వదినగారు. మొత్తానికి ఆస్పత్రి అవసరం లేకుండానే అవి పనికొచ్చాయి.

అన్నవరం: దిగేటప్పుడు తెలిసింది

సాయంత్రం దాకా ఏం చేస్తామని మర్నాడు పొద్దున్న బస్సులో అన్నవరం వెళ్లాం. మాది చర్చికెళ్లే కుటుంబం. అయినా అన్నవరం ప్రసాదం అంటే వదినగారికి ప్రాణం. డ్యూటీలో ఉన్న రోజుల్లో పేషెంట్ల చుట్టాలెవరు అన్నవరం వెళ్లొచ్చినా ఆవిడకి ఒక పొట్లం వచ్చేదట. విస్తరాకులో గోధుమరవ్వ ప్రసాదం, నేతివాసన, చేతికి అంటుకునే బెల్లం. రత్నగిరి కొండ మీద, కింద పంపా నది నీళ్లు కనిపించే చోట కూర్చుని తిన్నాం. కొత్తగా పెళ్లయి వ్రతానికొచ్చిన జంట మా పక్కనే కూర్చుంది. పెళ్లికూతురు చెప్పు తెగితే వదినగారు పిన్నీసు పెట్టి బాగుచేశారు.

కొండ దిగే బస్సు డ్రైవరు మాత్రం దేనికో తొందరలో ఉన్నాడు. మొదటి మలుపుకి నా భుజం కిటికీకి తగిలింది. రెండో మలుపుకి వదినగారు నా ఒళ్లోకి వచ్చారు. మూడో మలుపుకి ఎవరిదో ప్రసాదం పొట్లం వరుసల మధ్య నుంచి దొర్లుకుంటూ ముందుకెళ్లింది. నేను కళ్లు మూసుకుని యేసయ్యా అంటున్నాను, వెనక సీటులో పెద్దాయన సత్యదేవా అంటున్నాడు.

కింద బస్సు ఆగగానే అందరికంటే ముందు దిగేశాను.

"వదినా, నేనెక్కలేను. పిల్లలకి బస్సు గురించి చెప్పేస్తాను. ఇదీ అలాంటిదేగా."

వదినగారు జుట్టు సర్దుకుంటున్నారు. మొహం ఎర్రగా ఉంది. భయపడ్డారేమో అనుకున్నాను. "వాళ్లకి ఎక్కొస్తానని చెప్పావు. ఎక్కకుండా ఎక్కానని చెప్తావా?" అన్నారంతే. పిఠాపురం బస్సు వైపు తనే ముందు నడిచారు.

మళ్లీ పిఠాపురం

సాయంత్రానికి మైదానం లైట్లతో వెలిగిపోతోంది. మిరపకాయ బజ్జీలు, పీచుమిఠాయి, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. డ్రాగన్ ముందు పెద్ద వరుస. నేను టికెట్ తీసుకుని, హ్యాండ్‌బ్యాగు వదినగారి చేతికిచ్చాను. నా ముందున్న కుటుంబం అది చూసి, "అమ్మగారూ, మాదీ కాస్త చూస్తారాండీ" అంటూ ఒక సంచి, రెండు జతల చెప్పులు, ఒక వాటర్ బాటిల్ ఇచ్చారు. వాళ్ల వెనకవాళ్లు గొడుగిచ్చారు. ఆవిడ అలవాటైన పనిలా అన్నీ తీసుకున్నారు.

నేను రెండో పెట్టెలో కూర్చున్నాను. పక్క సీటు ఖాళీ. ఒళ్లో ఇనప కడ్డీ వేయబోతున్నారు. అప్పుడు వినిపించింది వార్డులో వినిపించే గొంతు.

"ఆగండి."

వదినగారు నాగమణిగారి కుర్చీ దగ్గర ఉన్నారు. "ఇవన్నీ ఇక్కడ పెట్టొచ్చా అమ్మా?"

"పెట్టండమ్మా, నేను చూస్తాను."

సంచులు, చెప్పులు, గొడుగు అన్నీ వరసగా పెట్టి, టికెట్ తీసుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోపే కడ్డీ పడింది. బండి కదిలింది.

గుట్ట ఎక్కుతుంటే కింద గొలుసు కటకటమంటోంది. సరిగ్గా శిఖరం దగ్గరికి వచ్చేసరికి ఊరంతా చీకటైపోయింది. కరెంటు పోయింది. డ్రాగన్ ఆగిపోయింది.

వెనక పెట్టెల్లో ఏడుపులు మొదలయ్యాయి. కింద నుంచి నాగమణిగారు, "ఎవరూ లేవకండి! జనరేటర్ వేస్తున్నాం!" అని అరిచారు. వదినగారు వెనక్కి తిరిగి, "ఎవరూ కదలొద్దు. గట్టిగా ఊపిరి తీసుకోండి. ఇప్పుడు వదలండి" అన్నారు. చీకట్లో డ్రాగన్ అంతా ఊపిరి తీసుకుని వదిలింది. నేను కూడా.

అప్పుడు, నన్ను మరిపించడానికో ఏమో, మెల్లగా చెప్పారు. "మేం ఐదుగురం కదే. మా నాన్న ఏటా ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లేవాడు. నేను పెద్దదాన్ని. వాళ్లెక్కుతుంటే చెప్పులూ సంచులూ నా దగ్గర పెట్టేవాళ్లు. తర్వాత నా పిల్లలు, తర్వాత వాళ్ల పిల్లలు. నువ్వూ ఎక్కుతావా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదనుకో."

"భయం లేదా వదినా?"

"చచ్చేంత భయంగా ఉంది. నా చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. అంతమందికి సూదులు వేసిన చెయ్యి నా వేళ్లని గట్టిగా బిగించి పట్టుకుంది. కింద జనరేటర్ రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. లైట్లు వెలిగాయి. గొలుసు ఒక్కసారి లాగింది.

ఆ తర్వాత సంగతి బడులు తెరిచాక క్లాసులో చెప్పాను, ఉన్నదున్నట్టు. కడుపు పైనే ఉండిపోయింది, మనిషి మాత్రం కిందికొచ్చింది. మొదటి గుట్ట తర్వాత కళ్లు తెరవలేదు. దిగాక రెండు గ్లాసుల గ్లూకోజ్ తాగితే గానీ ఊరి పేరు గుర్తు రాలేదు. పిల్లలు నవ్వుతారనుకున్నాను. నవ్వారు కూడా. కానీ జ్యోత్స్న, "భయమేసినా ఎక్కారా మేడం?" అని మెల్లగా అడిగింది. అవునన్నాను. కూర్చుంది.

ఆ రోజు పిఠాపురంలో మాత్రం నేను కళ్లు తెరిచేసరికి నాగమణిగారి కుర్చీలో ఉన్నాను. ఒళ్లో గ్లూకోజ్ డబ్బా. పక్కన చూస్తే వదినగారు లేరు. కంగారుగా లేచాను.

"అదిగోనండి" అని నాగమణిగారు డ్రాగన్ వైపు చూపించారు.

మొదటి పెట్టెలో, కోర విరిగిన తలకాయకి సరిగ్గా వెనక, ఇద్దరు కాలేజీ అమ్మాయిల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు మా వదినగారు. చేతులు ఎలా పైకెత్తాలో ఆ పిల్లలు నేర్పిస్తున్నారు. ఆవిడ కొంగు నడుముకి బిగించి, కళ్లజోడు తీసి జాకెట్లో దోపుకుని, శ్రద్ధగా నేర్చుకుంటున్నారు. నన్ను చూసి చెయ్యి ఊపలేదు. చూడనేలేదు.

డ్రాగన్ గుట్టెక్కింది. ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, తలకిందులుగా పడినట్టు కిందికి వచ్చింది. ఆరు చేతులు గాల్లో ఉన్నాయి. ఒక కేక వినిపించింది. పెళ్లయి ఇన్నేళ్లుగా ఆ గొంతు వింటున్నాను. అది పిలవడం తెలుసు, మందలించడం తెలుసు, ప్రార్థన చేయడం తెలుసు. ఇలా కేకేసి నవ్వగలదని మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది.